బెజవాడను కృష్ణలో కలిపేసిన రోజు

మొన్న ఫోన్లో అడిగావు కదా చిన్నీ, "అమ్మమ్మా, సెల్‌ఫోను వాడతావు, మిక్సీ వాడతావు, మా ల్యాప్‌టాప్ ముందు పెడితే మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుంటావెందుకు?" అని. జవాబు చిన్నదే తల్లీ. నేను జీవితంలో ఒకే ఒక్కసారి కంప్యూటర్‌కి పాఠం చెప్పాను. ఆ పాఠం విని అది విజయవాడ మొత్తాన్ని, బస్టాండుతో సహా, కృష్ణానదిలో కలిపేసింది. ప్రాణనష్టం లేదు. కొట్టుకుపోయిందల్లా మీ అమ్మమ్మ పరువే.

మీ తమ్ముణ్ణి కూడా పిలువు. పూణెలో మీకిప్పుడు వాన పడుతోందన్నావు కదా, బయటికి పోయేది లేదు, కూర్చుని వినండి.

నేను పట్టణ ప్రణాళిక ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేసేదాన్ని. అంటే ఇంజనీర్లు గీసిన పటం మీద గంజిపెట్టిన పల్చటి గుడ్డ పరిచి, అడుగున కనబడే ప్రతి గీతనీ ఇంకుతో మళ్ళీ గీసే మనిషిని. ముప్పై ఏళ్ళు అదే పని. నా పెళ్ళినాటికి గీసిన వీధుల్లో నా మనవలు పుట్టేనాటికి మేడలు లేచాయి. ఆ గుడ్డ పటాలన్నీ చుట్టలు చుట్టి ఒక గదిలో పెట్టేవాళ్ళం. దాన్ని పటాల గది అనేవాళ్ళు. పేరుకి గది ఆఫీసుది గానీ, తాళం చెవి నా కొంగున ఉండేది.

ఆ గదిలో పటాలు అక్షరాల వరసలో ఉండవు, నంబర్ల వరసలో ఉండవు. నాకు పని నేర్పిన వెంకటప్పయ్యగారని పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవారు. చేరిన మొదటి రోజే ఆయన నన్ను అరల ముందు నిలబెట్టి చెప్పారు. "చూడమ్మా రత్నం, వీధి పేరు మారుద్ది, సర్వే నంబరు మారుద్ది, ఆసామి మారతాడు. ఆ నేలకి నీళ్ళొచ్చిన దారి మాత్రం మారదు. అందుకని నేనివన్నీ నీళ్ళ వరసలో సర్దాను. నువ్వు కూడా అంతే సర్దు."

అంటే ఎలాగంటే, అన్నిటికన్నా పై అరలో కృష్ణ. దాని దిగువ అరలో కృష్ణలోంచి చీలిన కాలవలు. ఇంకా దిగువన ఆ కాలవల్లోంచి పొలాలకు పోయే బోదెలు. బోదె అంటే చేను పక్కన పారే చిన్న కాలవ, నువ్వు ఒక్క గంతులో దాటేయగలిగేది. ఆ దిగువన ఆ బోదెలు తడిపిన చేలు. అన్నిటికన్నా అడుగున ఆ చేలు కొట్టి వేసిన ఇళ్ళ స్థలాల లేఅవుట్లు. ఏ పటం కావాలన్నా నేను కళ్ళు మూసుకుని, ఈ స్థలం ఏ బోదె నీళ్ళు తాగింది, ఆ బోదె ఏ కాలవది అనుకుంటూ చెయ్యి పెడితే పటం చేతికొచ్చేది. డెల్టాలో పుట్టినవాళ్ళకి అదొక లెక్కే కాదు. మేము సంబంధాలు చూసేటప్పుడు కూడా ముందు అడిగేది మీది ఏ కాలవ అనే.

ఇక నా రిటైర్మెంటు రెండేళ్ళుందనగా కొత్తగా పెద్ద సారు వచ్చారు. మనిషి మంచివాడే గానీ ఖాళీ జాగా కనబడితే ఊరుకోలేడు. పటాల గదిలోకి వచ్చి, అరల్ని కాదు, అరల మధ్య నేలని చూశారు.

"రత్నం గారూ, ఇది ఖాళీ చేస్తే నాలుగు బల్లలు పడతాయి కదండీ."

"మరి పటాలండీ?"

"ఏమన్నారు?"

నా గొంతు సంగతి మీకు తెలుసు. నేను అరిచినా పక్కింట్లో పిల్లి కూడా కదలదు. మా అటెండర్ సుబ్బయ్యకి మాత్రం నా మాట ఎంత మెల్లగా ఉన్నా వినబడేది. నా తరఫున అతనే గట్టిగా చెప్పేవాడు.

"మరి పటాలేం చేస్తారని అడుగుతున్నారండీ," అన్నాడు సుబ్బయ్య.

అప్పుడు పెద్ద సారు చెప్పారు. కాలేజీ వాళ్ళతో కలిసి ఒక వెబ్ పోర్టల్ కట్టిస్తున్నారట. ఊరి ప్రణాళికకి సంబంధించిన జ్ఞానమంతా అందులో పెడతారట. అది కుదిరి, నెలన్నరలో అందరి ముందూ సరిగ్గా జవాబులు చెబితే, ఈ గుడ్డ పటాలన్నీ ఒక్కొక్కటే స్కాన్ చేయించి దాన్లోకి ఎక్కిస్తారు, అందాకా గది జోలికి రారు. కుదరకపోతే గది ఖాళీ, పటాలు పాత సామాన్లవాడికి.

పాత సామాన్లవాడి దాకా కూడా పోవని నాకు తెలుసు. ఆ గుడ్డ నానబెట్టి గంజి వదిలిస్తే మల్లెపువ్వులాంటి మెత్తటి బట్ట వస్తుంది. ఆఫీసులో సగంమందికి అప్పటికే దానిమీద కన్ను. వెంకటప్పయ్యగారు గీసిన కృష్ణ మీద ఎవరో ముక్కు తుడుచుకునే రోజు తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు.

అందుకని, పోర్టల్ పనికి పాత సంగతులు తెలిసిన మనిషి ఒకరు కావాలి అన్నప్పుడు, మొట్టమొదటిసారి జీవితంలో నేనే చెయ్యెత్తాను. సుబ్బయ్య కూడా తన చెయ్యెత్తి నా వైపు చూపించాడు, పెద్ద సారుకి కనబడుతుందో లేదోనని.

కాలేజీ నుంచి వచ్చిన పిల్ల పేరు మాధవి. ఇరవై నాలుగేళ్ళుంటాయి, అనంతపురం అమ్మాయి. పెద్దవాళ్ళంటే ఎంత గౌరవమంటే, నేను తుమ్మినా లేచి నిలబడేది. ఒక బీరువా అంత కంప్యూటర్ తెచ్చి పటాల గదిలోనే పెట్టింది.

"మామూలు వెబ్‌సైట్ అయితే మనం పెట్టిన కాగితమే తిరిగి చూపిస్తుంది మేడం," అంది. "ఇది అట్లా కాదు. దీనికి వస్తువులు, వాటి మధ్య సంబంధాలు నేర్పిస్తాం. అప్పుడు మనం చెప్పని సంగతి కూడా అదే తేల్చి చెబుతుంది. దీన్ని ఆంటాలజీ అంటారు."

"మనం చెప్పనిది ఎలా తెలుస్తుందమ్మా దానికి?"

"ఇప్పుడు చూడండి. గుత్తి వంకాయ వంకాయలో ఒక రకం. వంకాయ కూరగాయల్లో ఒక రకం. కూరగాయలు కడిగి తరగాలి అని మనం ఒక్క నియమం పెట్టినామనుకోండి. గుత్తి వంకాయని కడగాలని ప్రత్యేకం చెప్పాల్నా? అదే తెలుసుకుంటుంది."

నిజం చెబుతున్నాను పిల్లలూ, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ముప్పై ఏళ్ళు మేము గీసింది గీసినట్టు ఉండేదే. పటానికి నోరు లేదు. ఇది గీయని గీతను కూడా చూస్తుందట. నేను ఆ పెట్టె ముందు, గుడికి వెళ్ళినట్టు, చెప్పులు విడిచి కూర్చునేదాన్ని. మాధవి వద్దనేది. నా కాళ్ళు వినేవి కావు.

నా పనల్లా ఒక జాబితా రాయడం. ఎడమవైపు వస్తువు పేరు. కుడివైపు అది ఏ రకం. అంతే. ఒకటో తరగతి పిల్లాడు కూడా రాసేస్తాడు. నేనూ మొదటి రోజు బుద్ధిగానే రాశాను. సందు, దారిలో ఒక రకం. ముప్పై అడుగుల రోడ్డు, రోడ్డులో ఒక రకం. కొండ, నేలలో ఒక రకం. చూశారా, ఎంత తెలివైనదాన్నో.

రెండో రోజు "కాలవ" దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కాలవ ఏ రకం? కాలవ కాలవే కదా. పొద్దున్నించి మధ్యాహ్నం టీ దాకా ఆ ఒక్క గడి ముందు కూర్చున్నాను. మీ అమ్మకి పెళ్ళికొడుకుని వెతకడానికి కూడా నేనంత ఆలోచించలేదు. ఆఖరికి తల ఎత్తితే ఎదురుగా అరలు కనబడ్డాయి. కాలవల అర. దానిపైన నది అర.

కుడివైపు "నది" అని రాశాను.

ఒక్కసారి ఆ దారి దొరికాక నా చెయ్యి పడవలా సాగిపోయింది. బోదె, కాలవ. చేను, బోదె. లేఅవుటు, చేను. ఇంటి స్థలం, లేఅవుటు. వన్ టౌన్ గోడౌన్ల నుంచి భవానీపురం సందుల దాకా పేరుపేరునా రాశాను. ఏ రకమని అడిగిన గడిలో నేను ఏ అరో రాసేస్తున్నానన్న సంగతి, ఇదిగో ఈ కొంగు మీద ఒట్టు, నాకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. ముప్పై ఏళ్ళు ఏ నేలని చూసినా దాని నీళ్ళే గుర్తుకొచ్చిన చెయ్యి మరి.

మాధవి ఒకసారి అడగకపోలేదు. జాబితా ఎక్కిస్తూ ఆగింది.

"మేడం, తప్పుగా అనుకోవద్దు. చేను అనేది బోదెలో ఒక రకమా?"

"ఈ గదిలో ముప్పై ఏళ్ళుగా అంతేనమ్మా."

"మా ఊర్లో బోదెలు లేవు మేడం. అసలు ఏట్లో నీళ్ళు చూసి నాకు ఊహ తెలిసినాక రెండుసార్లే. మీరంటే అంతే."

అలా ఒక అనంతపురం పిల్ల గౌరవం, ఒక కృష్ణా జిల్లా ముసలమ్మ నమ్మకం కలిసి ఊరిని ముంచడానికి తయారయ్యాయి. ఇక నియమాలు. అవి పెద్ద సారే స్వయంగా చెప్పి రాయించారు. మొట్టమొదటి నియమం ఆయనకి చాలా ఇష్టమైనది. "నదిలో ఏ విధమైన కట్టడానికీ అనుమతి లేదు."

ప్రదర్శన రోజు మీటింగు హాలు నిండిపోయింది. కాలవల శాఖ ఇంజనీర్లు, పక్క ఆఫీసుల వాళ్ళు, ఇద్దరు ముగ్గురు బిల్డర్లు. గోడ మీద వెలుగు పడింది. నేను మంగళగిరి జరీ అంచు చీర కట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. గది తాళం చెవి గుప్పిట్లో తడిసిపోతోంది.

మాధవి ముందుగా అనుకున్న ప్రశ్న అడిగింది. ముప్పై అడుగుల రోడ్డు మీద ఎన్ని అంతస్తులు వెయ్యొచ్చు? పోర్టల్ టకీమని చెప్పింది, ఏ నియమం ప్రకారమో కూడా చూపించింది. చప్పట్లు. రోడ్లు నేను మొదటి రోజు రాసినవి కదా, అవి సరిగ్గానే ఉన్నాయి. సుబ్బయ్య నా వైపు చూసి, గది దక్కిందన్నట్టు తలూపాడు.

అప్పుడు పెద్ద సారుకి ఉత్సాహం వచ్చింది. "ఉండమ్మా, నా సొంత స్థలం అడుగుతాను. భవానీపురంలో ఇల్లు మొదలెట్టాను కదా." స్థలం నంబరు చెప్పారు. మాధవి టైపు చేసింది.

గోడ మీద ఇంతింత అక్షరాలు పడ్డాయి. "కట్టడానికి అనుమతి లేదు. ఈ స్థలం నది."



"మళ్ళీ కొట్టు," అన్నారు సారు.

మళ్ళీ కొట్టింది. నదే. ఈసారి కారణాలు కూడా వరసగా చూపించింది, బడిలో లెక్క చేసి చూపించినట్టు. ఈ స్థలం ఒక లేఅవుటు. లేఅవుటు ఒక చేను. చేను ఒక బోదె. బోదె ఒక కాలవ. కాలవ ఒక నది. నదిలో కట్టరాదు.

"మన ఆఫీసు అడుగు."

"ఈ స్థలం నది. ఉన్న కట్టడం అక్రమం."

"బస్టాండు?"

నది.

కాలవల ఇంజనీరు ఒకాయన నవ్వాపుకోలేక, "అమ్మవారి కొండ అడగండి సార్," అన్నాడు. పోర్టల్ ఆలోచించి, కొండకి మాత్రం నదితో సంబంధం లేదంది. మిగతా ఊరంతా నీళ్ళలో ఉంది, కొండ ఒక్కటే బయటికి కనబడుతోంది. వెనకనుంచి ఒక బిల్డరు, "పడవలకి పార్కింగు ఎంత వదలాలో కూడా అడగండమ్మా," అన్నాడు. ఇక ఆ నవ్వులు ఆగలేదు.

పెద్ద సారు నవ్వలేదు. "ఈ జాబితా ఎవరు రాశారు?" అన్నారు.

మాధవి లేచి నిలబడింది. "నేనేనండీ," అంది. తను టైపు చేసింది తప్ప ఒక్క ముక్క రాయలేదు.

నేనూ లేచాను. "తప్పు నాదండీ. ఆ పిల్లది కాదు," అన్నాను. ఎవరికీ వినబడలేదు. ఇంకోసారి అన్నాను. ముందు వరసలో ఒకాయన ఫ్యాన్ శబ్దం అనుకుని పైకి చూశాడు.

"తప్పు తనదంటున్నారండీ," అని గోడ దగ్గర్నుంచి సుబ్బయ్య కేకేశాడు. "ఆ పిల్లది కాదంటున్నారు. ఊరంతా మేడమే ముంచారంట."

చివరి ముక్క నేననలేదు.

"ఎందుకలా రాశారు రత్నం గారూ?" అని సారు అడిగారు. నోటితో చెబితే అయ్యే పని కాదు. గబగబా గదికి పోయి, కృష్ణ అర, కాలవ అర, బోదె అర దాటి, చేల అరలో చెయ్యి పెట్టి, భవానీపురం చుట్ట తెచ్చి ఆయన ముందు బల్ల మీద పరిచాను. నా కొత్తల్లో గీసిన పటం. ఇళ్ళ జాడ లేదు, అన్నీ చేలే. వాటి మధ్యనుంచి నీలం ఇంకుతో ఒక సన్నటి గీత వంకరగా పోతోంది.

"మీ స్థలం ఇక్కడొస్తుందండీ," అని వేలు పెట్టి చూపించాను.

సారు వంగి చూశారు. నా వేలు సరిగ్గా ఆ నీలం గీత మీద ఉంది.

"ఇదేంటి?"

"బోదెండీ. మీ స్థలం మధ్యలోంచి పారేది."

"ఇప్పుడు లేదుగా?"

"పూడ్చారండీ. నీళ్ళకి చెప్పినట్టు లేరు."

"నీళ్ళకి చెప్పలేదంటున్నారండీ," అన్నాడు సుబ్బయ్య, ఆఖరి బెంచీ దాకా వినబడేట్టు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే పెద్ద సారు ముఖం మారిపోయింది. కాసేపు ఆ గుడ్డ వైపు, కాసేపు గోడ మీద వెలుగుతున్న అక్షరాల వైపు చూశారు. తర్వాత మెల్లగా, దాదాపు నా గొంతంత మెల్లగా అన్నారు.

"మూడు వారాలుగా పునాది గుంటలో మోటారు పెట్టి తోడుతున్నామండీ. తోడినకొద్దీ ఊరుతోంది. కంట్రాక్టరు వాన నీళ్ళంటాడు. వానెక్కడ పడింది?"

నేను తప్పు రాశాను, అందులో సందేహం లేదు. కానీ ఆ పెట్టె నా తప్పుని పట్టుకుని, మెట్టు మెట్టుగా దిగి, ఎవరూ చూడని చోట, పూడ్చి ఏళ్ళు గడిచిన నీళ్ళని చేత్తో తాకి వచ్చింది. మేము మట్టి పోసి మరిచిపోయాం. అది మరవలేదు. చెప్పులు విడిచి కూర్చున్నందుకు ఆ క్షణంలో నాకు సిగ్గనిపించలేదు.

తర్వాత ఒక వింత జరిగింది. పడవల పార్కింగు అడిగిన బిల్డరు లేచి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మగారూ, మా సైటు కూడా ఒకసారి చూస్తారా," అన్నాడు. అతని వెనక ఇంకొకరు. వాళ్ళ వెనక కాలవల ఇంజనీరు. మీటింగు ముగిసేసరికి పటాల గది ముందు సినిమా హాలు దగ్గర లాగా వరస కట్టారు.

పెద్ద సారు ఆర్డరు రెండే ముక్కలు. "గది జోలికి ఎవరూ వెళ్ళొద్దు. ముందు నా పునాది సంగతి తేలాలి."

ఇంటికొచ్చి మీ తాతయ్యకి అంతా చెప్పాను. మన ఇల్లు కూడా ఆ లెక్కన నదేనని చెప్పాను. ఆయన పేపరు దించకుండా, "అందుకేనా చారు ఇంత పల్చగా ఉంటుంది," అన్నారు.

మాధవి వారం రోజులు కూర్చుని జాబితా సరిచేసింది. ఇప్పుడు రెండు గడులు కాదు, మూడు. వస్తువు, ఏ రకం, ఎవరి నీళ్ళు. నియమాలు రకాన్ని బట్టే నడుస్తాయి, నీళ్ళని బట్టి కాదు. బస్టాండు మళ్ళీ నేల మీదకి వచ్చింది, ఆఫీసు అక్రమం కాకుండా పోయింది. కానీ ఎవరైనా స్థలం అడిగితే, అనుమతి ఉందని చెప్పి, అడుగున ఇంకో వరస కూడా చూపించేది. "ఈ నేల ఫలానా బోదె నీళ్ళు తాగింది." జనం పై వరస వదిలేసి అడుగు వరసే చదివేవాళ్ళు. పటాలన్నీ ఒక్కొక్కటే స్కాను అయ్యాయి. ఏ ఒక్కటీ జేబురుమాలు కాలేదు.

కాబట్టి పిల్లలూ, కృష్ణమ్మ సాక్షిగా, సుబ్బయ్య గొంతు సాక్షిగా నేను ఆరోజు చేసిన ప్రతిజ్ఞ ఇది. ఇకమీదట ఎవరైనా ఒక వస్తువు ఏ రకమని అడిగితే రకమే చెబుతాను. ప్రాణం పోయినా దాని నీళ్ళు చెప్పను. ఈ ప్రతిజ్ఞ నేను అక్షరాలా పాటిస్తున్నాను. కిందటిసారి నా సెల్‌ఫోన్లో మీ అమ్మ నంబరు వెతికి, ఏ పేరుతోనూ దొరక్క విసుక్కున్నావు కదా, అది "బందరు కాలవ" దగ్గర ఉంటుంది. మీ ఇద్దరివీ కూడా అక్కడే ఉన్నాయి. పూణెలో ఏ నీళ్ళు తాగినా, నా లెక్కలో మీరు ఆ కాలవ వాళ్ళే.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది.

రిటైరైన రోజు దండ వెయ్యడానికి అందరూ హాల్లో ఎదురుచూస్తున్నారు. నేను గది తాళం చెవి ఇచ్చేయడానికి వచ్చి, ఆఖరిసారి ఆ పెట్టె ముందు కూర్చున్నాను. ఎవరూ చెప్పకుండా, ఒంటివేలితో, ఒక ప్రశ్న టైపు చేశాను. తెర మీద ఇసుక గడియారం గుర్తు వచ్చి తిరగడం మొదలెట్టింది. మాధవి నా వెనక నిలబడి చూసింది.

"ఆలోచిస్తోంది మేడం," అంది.

ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. అది తిరుగుతూనే ఉంది. హాల్లోంచి సుబ్బయ్య కేక వేశాడు, దండ వాడిపోతోందని. లేచి వెళ్ళాను. మళ్ళీ వచ్చేసరికి ఎవరో కరెంటు కట్టేశారు. తర్వాత మాధవి వేరే ఊరు వెళ్ళిపోయింది, ఆ పెట్టె మార్చి కొత్తది పెట్టారు. ఇప్పుడు మీ దగ్గర ఇంతకన్నా తెలివైనవి ఉన్నాయట కదా. ఎప్పుడైనా తీరిక దొరికితే మీరడిగి చూడండి. నేనడిగింది ఇదే.

నది ఎక్కడ అయిపోతుంది, ఊరు ఎక్కడ మొదలవుతుంది?